కెమిస్ట్రీ డిగ్రీ తర్వాత ఏ ఉద్యోగంలో అసలేం చేస్తారు? చెప్పేవాళ్లే దొరకట్లేదు

బొబ్బిలి_వీణ
మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్, మూడో ఏడు. వచ్చే సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. అదయ్యాక మూడేళ్ల డిగ్రీ పట్టుకుని బయటికి రావాలా, నాలుగో ఏడు కూడా ఉండాలా తేల్చుకోవాలి.

ఇంట్లో బీఈడీ అంటున్నారు. మామయ్యేమో "పరవాడలో మనవాడున్నాడు, ఫార్మాలో వేయిస్తా" అంటాడు. క్లాసులో సగం మంది మెడికల్ కోడింగ్ జపం. ఒక సీనియర్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ప్రిపేర్ అవమంది. యూట్యూబ్ తెరిస్తే "కెమిస్ట్రీ వాళ్లకి టాప్ 10 ఉద్యోగాలు". పదింటికీ ఒకటే బొమ్మ, తెల్లకోటు, చేతిలో నీలం నీళ్ల ఫ్లాస్కు.

దేనికి స్కోప్ ఉందని నేను అడగట్లేదు. ఆ ఉద్యోగంలో పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రం దాకా ఏం చేస్తారు, అయిదేళ్లకి ఎక్కడ తేలతారు, నా చదువుకి అసలు అర్హత ఉందా? ఇవి ఎక్కడ తెలుసుకుంటారు? కాలేజీలో ప్లేస్‌మెంట్ సారుని అడిగితే "ముందు పాసవ్వమ్మా" అన్నారు.

గుంటూరు_గొడ్డుకారం
సారు మాటలో తప్పేముంది హహ. ఫాలో అవుతున్నా, మా చెల్లిదీ ఇదే గోల.

పరవాడ_నైట్‌షిఫ్ట్
మీ మామయ్యని ముందు ఒకటి అడుగు. ఫార్మాలో అంటే ఎందులో? ప్రొడక్షనా, క్యూసీయా (మందు పరీక్షించే ల్యాబు), క్యూఏయా (అంతా పద్ధతి ప్రకారం జరిగిందా అని చూసే విభాగం), ఆర్ అండ్ డీయా (పరిశోధన)? గేటు ఒకటే గానీ లోపల బతుకులు వేరు.

నేను క్యూసీ. బీఎస్సీతోనే చేరాను. వెళ్లగానే వెనక షిఫ్టువాళ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకుంటాం. ఏ శాంపిళ్లు పెండింగు, ఏ మెషిన్ మీద ఏం నడుస్తోంది. తర్వాత మొబైల్ ఫేజ్ (మెషిన్‌లో పారే ద్రావకం) కలుపుకోవాలి, స్టాండర్డూ శాంపిలూ తూచి కరిగించాలి, హెచ్‌పీఎల్‌సీకి, అంటే మందులో ఏది ఎంతుందో విడదీసి చూపే మెషిన్‌కి, ఎక్కించాలి. సిస్టమ్ సూటబిలిటీ, అంటే మెషిన్ సరిగ్గా పనిచేస్తోందా చూసే పరీక్ష, పాసవకపోతే బండి అక్కడే ఆగిపోద్ది. మధ్యలో కార్ల్ ఫిషర్‌లో తేమ చూడ్డం, జీసీలో మిగిలిన సాల్వెంట్లు చూడ్డం.

ఇది సగం. మిగతా సగం రాతే. ఏ సీసా లాట్ నంబరెంత, ఏ తూకం మీద తూచావు, ఎన్నింటికి తూచావు, అన్నీ అప్పటికప్పుడే రాయాలి. తీరిగ్గా సాయంత్రం కూచుని రాద్దామంటే కుదరదు, ఉద్యోగం పోద్ది. సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ ఉంటుంది, నువ్వు ఏది నొక్కినా టైముతో సహా దొరుకుతుంది. అమెరికాకి మందులు పంపే ప్లాంటయితే ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు వచ్చి చూసేది ఎక్కువగా ఇదే. వాళ్లు పోతూ పోతూ 483, అంటే కనిపించిన లోపాల జాబితా, ఇచ్చారంటే ఆ తర్వాత కొన్ని నెలలు ఎవరికీ సెలవుల్లేవు.

మూడు షిఫ్టులు. రసాయన శాస్త్రం మీద ప్రేమతో వచ్చినవాళ్లు ఏడాదికి విసిగిపోతారు, ఎందుకంటే కొత్తగా కనిపెట్టేదేం ఉండదు. చెప్పిన పద్ధతిని చెప్పినట్టే చెయ్యడమే పని. పద్ధతిగా, ఓపిగ్గా చేసే రకమైతే నిలబడతారు.

పటాన్‌చెరు_పోరడు
అన్న ఏసీ ల్యాబుల కూసొని మంచిగనే చెప్తుండు. ప్రొడక్షన్ గురించి నేను జెప్త.

రియాక్టర్ల ఛార్జింగ్ (ముడిసరుకు ఏసుడు), టెంపరేచర్ చూసుడు, సెంట్రిఫ్యూజ్, డ్రయర్, మళ్ల ఒక్కో స్టెప్పు బీఎంఆర్ల (బ్యాచ్ రికార్డు) రాసి సంతకం. బీఎస్సీ పిల్లల్ని ఎక్కువ తీసుకునేది మా దాంట్లనే. పని నేర్చుకుంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ దాంక పోతవ్. గాని ఎండాకాలం ఆ సూట్, మాస్క్ ఏసుకొని నిలవడితే తెలుస్తది.

ఇంకోటి ఎవ్వరు చెప్పరు. సేఫ్టీ చూస్కో. 2024 ఆగస్టుల అచ్యుతాపురం సెజ్‌ల 17 మంది పోయిన్రు. 2025 జూన్ 30 నాడు మా పాశమైలారంల నలభై మందికంటె ఎక్కువ పోయిన్రు. భయపెట్టనీకి చెప్తలేను, నేను గీడనే చేస్తున్న. జీతం ఎంత అని అడిగేటోళ్లు చానమంది, ట్రైనింగ్ ఎన్ని దినాలు, సేఫ్టీ ఆఫీసర్ ఉన్నడా అని అడిగేటోడు ఒక్కడు కనవడడు.

పరవాడ_నైట్‌షిఫ్ట్
పోరడు బ్రదర్, ఏసీ మెషిన్ కోసం వేస్తారు, మా కోసం కాదు. సేఫ్టీ సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

నోటిఫికేషన్_నారాయణ
ఆ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ సలహా ఇచ్చిన సీనియర్‌కి దూరం నుంచే ఒక దండం పెట్టు. ఆ పోస్టుకి ఫార్మసీలో డిగ్రీ కావాలి, లేదా ఫార్మాస్యూటికల్ సైన్సెస్, లేదా క్లినికల్ ఫార్మకాలజీ గానీ మైక్రోబయాలజీ గానీ స్పెషలైజేషన్‌గా వైద్యంలో డిగ్రీ. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 49వ రూలు. ఎంత ప్రిపేరయినా బీఎస్సీ కెమిస్ట్రీకి అప్లికేషనే తీసుకోరు. కోచింగ్ సెంటర్ మాత్రం ఫీజు తీసుకుంటుంది.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ చూడు. 2011 రూల్స్ ప్రకారం బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ, వ్యవసాయం లాంటి వాటికి డిగ్రీ చాలు. కెమిస్ట్రీకి మాత్రం మాస్టర్స్ ఉండాలి. అంటే ఎమ్మెస్సీ చేస్తే తెరుచుకునే తలుపుల్లో ఇదొకటి.

బీఎస్సీతోనే కావాలంటే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) స్టైపెండరీ ట్రైనీ, కేటగిరీ 1. బీఎస్సీలో 60 శాతం అడుగుతారు, వయసు 24 దాటకూడదు. అందుకే నోటిఫికేషన్ పడ్డాక వెతుక్కునే రకం కాదు ఇది, ఇప్పుడే మార్కులు చూసుకోవాలి. మణుగూరు భారజల కర్మాగారం కూడా అణుశక్తి శాఖదే, దాని నియామకాల మీదా ఒక కన్నేసి ఉంచు.

నేను చేసే పని ఒక్కటే. పాత నోటిఫికేషన్లు డౌన్‌లోడ్ చేసి, జీతం కాలమ్ జోలికి పోకుండా అర్హత, వయసు, పోస్టుల సంఖ్య, ఎన్నేళ్లకొకసారి పడింది, ఈ నాలుగే చూస్తాను. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ పత్రిక 1976 నుంచీ వస్తోంది, మీ కాలేజీ లైబ్రరీలో దుమ్ము దులిపితే దొరక్కపోదు.

గుంటూరు_గొడ్డుకారం
నారాయణ గారూ, ఇన్ని నోటిఫికేషన్లు చదివారు, ఉద్యోగం వచ్చిందా?

నోటిఫికేషన్_నారాయణ
వచ్చింది బాబూ. ఆఫీసులో ఖాళీ దొరికితే ఇప్పటికీ ఇవే చదువుతా. వ్యసనం.

మండపేట_మేష్టారు
నారాయణ గారు ఎన్నేళ్లకొకసారి అన్నారు కదా, బీఈడీ సంగతి అక్కడే తేలుతుందమ్మా. ఆంధ్రాలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి, తర్వాత రద్దు చేశారు. 2025లో ఒక్కసారే 16,347 పోస్టులు. ఆ మధ్యకాలం పాటు ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి చెప్పుకుంటూ కూర్చున్నవాళ్లు నా శిష్యుల్లోనే బోలెడుమంది. కొందరికి వచ్చింది, కొందరికి ఈలోగా పెళ్లిళ్లయి, పుస్తకం అటకెక్కింది.

పాఠం చెప్పడం ఇష్టమా కాదా అన్నది బీఈడీలో చేరకముందే తెలుసుకో. మీ ఊరి హైస్కూల్లో సైన్స్ మేష్టారిని అడిగి, తొమ్మిదో తరగతికి ఒక వారం పాఠం చెప్పు. ఎవరూ కాదనరు, పైగా ఆయన సంతోషంగా స్టాఫ్ రూములో కూర్చుంటారు. ఇంకో మాట, నీది సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు, పక్కన ఒక మైనర్) కదా. ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌కి డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉండాలన్నారో, నీ మైనర్ దానికి సరిపోతుందో లేదో ముందే సరిచూసుకో. బీఈడీ అయ్యాక చూసుకుంటే ఏడుపే.

బొబ్బిలి_వీణ
మైనర్ ఫిజిక్స్ అండి. ఈ సంగతి మా ఇంట్లోగానీ కాలేజీలోగానీ ఒక్కరూ అనలేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మెటీరియల్ ఆల్రెడీ జిరాక్స్ తీయించాను, దాన్నేం చెయ్యను?

గుంటూరు_గొడ్డుకారం
మిరపకాయ బజ్జీల బండికి ఇచ్చెయ్.

లైబ్రరీ_పిచ్చుక
రోజంతా ఏం చేస్తారు అన్న ప్రశ్నకి కొంత జవాబు కాగితం మీద దొరుకుతుంది. మన దేశంలో వృత్తుల వర్గీకరణ ఒకటుంది, ఎన్‌సీవో 2015. కార్మిక శాఖది, పీడీఎఫ్ ఉచితం. ప్రతి వృత్తికీ ఒక కోడు, కింద ఆ పని చేసేవాళ్లు ఏమేం చేస్తారో వివరణ. 2113 కుటుంబం చూడు, కెమిస్టులు. తర్వాత 3111 చూడు, ల్యాబ్ టెక్నీషియన్ల లాంటివాళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఎమ్మెస్సీ వాళ్లు, పీహెచ్‌డీ వాళ్లు ఎక్కడికి పోతారో, బీఎస్సీతో చేరినవాళ్లు ఎక్కడ మొదలవుతారో అర్థమవుతుంది. అదే కార్మిక శాఖ 2015లో పెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, పైసా ఖర్చులేదు.

ఇంతకన్నా వివరంగా కావాలంటే అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓనెట్ వెబ్‌సైట్ చూడు. ఒక్కో వృత్తికి చేసే పనుల జాబితా, వాడే పరికరాలు, నిలబడి చేసేదా కూర్చుని చేసేదా అన్నీ ఉంటాయి.

పటాన్‌చెరు_పోరడు
అమెరికాది చూసి ఏం జేస్తది పిల్ల? గీడ జీతం వేరు, పని వేరు.

న్యూజెర్సీ_నరసాపురం
జీతాల మాట వదిలెయ్యండి, డాలర్లు చూసి లెక్కలు కట్టొద్దు. పనుల జాబితా మాత్రం అంత వేరుగా ఉండదు. నేనిక్కడ అనలిటికల్ డెవలప్‌మెంట్‌లో ఉన్నాను, హైదరాబాద్‌లో చేసింది కూడా ఇదే హెచ్‌పీఎల్‌సీ. తేడా ఏంటంటే, అక్కడ వేరేవాళ్లు రాసిన పద్ధతిని నడిపించేవాణ్ణి, ఇక్కడ ఆ పద్ధతి తయారు చేసే వైపు ఉన్నాను. పరవాడ బ్రదర్ "కనిపెట్టేదేం ఉండదు" అన్నారే, ఆ కనిపెట్టే వైపు రావాలంటే ఎమ్మెస్సీ తప్పదు.

ముందు_చేరు
అందరూ పీడీఎఫ్‌లు, కోడ్‌లు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఇదంతా ఇంట్లో అన్నం ఉన్నోళ్లు చేసుకునే పరిశోధన. మా నాన్న కూలి. డిగ్రీ అయిన మరుసటి నెల నుంచి డబ్బు పంపాలి. ఎక్కడ పిలిస్తే అక్కడ చేరాను, ప్యాకింగ్ సెక్షన్. అక్కడ్నుంచి స్టోర్స్, స్టోర్స్ నుంచి ఇప్పుడు పర్చేజ్. ముందు చేరాలి, లోపల తిరిగితే అన్నీ తెలుస్తాయి.

కోడింగ్_కోమలి
"ముందు చేరు" గారి మాట కొట్టిపారెయ్యలేం. కానీ ఆయనకి స్టోర్స్‌కి మారే దారి ఉంది కాబట్టి మారారు. కొన్ని చోట్ల ఆ దారే ఉండదు. అందుకే చేరేముందు అడగాల్సింది, ఇక్కడ మూడేళ్లు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని.

మెడికల్ కోడింగ్ గురించి చెప్తాను. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టరు రాసిన రిపోర్టు చదివి, రోగానికి ఐసీడీ-10-సీఎం కోడు, చేసిన చికిత్సకి సీపీటీ కోడు వెయ్యాలి. దాన్ని బట్టే వాళ్లకి ఇన్సూరెన్స్ డబ్బులు. రోజుకిన్ని చార్టులని టార్గెట్, దాని మీద క్వాలిటీ శాతం. రోజంతా స్క్రీను, ఇంగ్లీషులో చదవడం, అనాటమీ గుర్తుండాలి. కెమిస్ట్రీ ఇందులో దాదాపు పనికిరాదు. బీఎస్సీ బోటనీ, జువాలజీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివినవాళ్లకి తేలిక. సీపీసీ (కోడర్ల సర్టిఫికెట్) పరీక్ష 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయొచ్చు. పాసయితే జీతం పెరుగుతుంది. నాకు నచ్చింది, బస్సెక్కి ఎక్కడికో పోనక్కర్లేదు. కంప్యూటర్లు కొంతవరకు కోడ్లు వేసేస్తున్నాయి, అందుకని ఆడిటింగ్ వైపు జరుగుతున్నాను.

విశాఖ_వాక్‌ఇన్స్
ఫార్మా & మెడికల్ కోడింగ్ బ్యాక్‌డోర్ జాబ్స్, 100% గ్యారంటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రమే, ఇన్‌బాక్స్ చెయ్యండి

మోడరేటర్
పైన పోస్టు పెట్టిన సభ్యుణ్ణి తీసేశాం. పోస్టు మాత్రం కావాలనే ఉంచాం, అందరూ చూసి గుర్తుపట్టండి. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు.

పటాన్‌చెరు_పోరడు
మా రూమ్మేట్‌కి గిట్లనే 40 వేలు బొక్క పడ్డది.

ఎచ్చెర్ల_ఎమ్మెస్సీ
నాలుగో ఏడు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అయిదేళ్ల దారిలో అయితే మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎమ్మెస్సీ. నాలుగేళ్లు ఆనర్స్ చేస్తే యూజీసీ ఒక ఏడాది పీజీకి వీలిచ్చింది, లెక్క అంతే అవుతుంది. ఆనర్స్‌లో 75 శాతం ఉంటే 2022 నిబంధనల ప్రకారం నేరుగా పీహెచ్‌డీకి కూడా అప్లై చేసుకోవచ్చు. ఇది కాగితం మీది మాట. మీ కాలేజీలో నాలుగో ఏడు నడుపుతారా, ల్యాబ్ ఉందా, చెప్పేవాళ్లున్నారా, నువ్వు చేరాలనుకునే యూనివర్సిటీ ఒక ఏడాది పీజీ మొదలుపెట్టిందా, ఈ నాలుగూ తేలకుండా ఆగొద్దు. పీజీ అయితే ఐఐటీలకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన దగ్గర ఏపీ పీజీసెట్, ఇవీ ప్రవేశ పరీక్షలు.

రీసెర్చ్ వైపు మనసుంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకి 37,000. చదువుతూ ఇంటికి డబ్బు పంపినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు, "ముందు చేరు" అన్నకి ఇది కూడా తెలియాలి. పరిశోధన ల్యాబ్ ఎలా ఉంటుందో చూడాలంటే సెప్టెంబర్ 26 సీఎస్ఐఆర్ (కేంద్ర పరిశోధన ల్యాబుల సంస్థ) పుట్టినరోజు. ఆ చుట్టుపక్కల హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ సంస్థ) లాంటి ల్యాబులు జనానికి తలుపులు తీస్తాయి. ముందుగా కనుక్కుని వెళ్లు.

ముందు_చేరు
37 వేలు వచ్చేది నెట్ కొట్టినోళ్లకి. అక్కడిదాకా రెండేళ్లు ఎవరు పెడతారు? సరే, వాదన అనవసరం. డబ్బులొచ్చే నేర్చుకోడం ఒకటి చెప్తా. అప్రెంటిస్‌షిప్. నాట్స్ (కేంద్రం వాళ్ల అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో పేరెక్కించు, మన దక్షిణాది రాష్ట్రాలకి చెన్నైలో బోర్డు. డిగ్రీ అయినోళ్లకి ఒక ఏడాది, నెలనెలా స్టైపెండ్. నచ్చకపోతే ఏడాదికి దణ్ణం పెట్టి వచ్చెయ్, సర్టిఫికెట్ మిగుల్తుంది.

లైబ్రరీ_పిచ్చుక
ఇది మంచి మాట. ముందు నేనే అనాల్సింది.

పరవాడ_నైట్‌షిఫ్ట్
అప్రెంటిస్‌దాకా ఎందుకు, ఆ పిల్ల చేతిలో ఇంటర్న్‌షిప్ సెమిస్టర్ ఉంది కదా. దాన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోట్లేదు. ఆంధ్రాలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటేడు అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడు అయ్యాక ఒక చిన్న ఇంటర్న్‌షిప్, చివర్లో సెమిస్టర్ మొత్తం. నువ్వు మొదటి రెండూ ఎలా చేశావో అడగను.

బొబ్బిలి_వీణ
అడక్కండి. కమ్యూనిటీ ప్రాజెక్టు నిజంగానే చేశాం, మా ఊళ్లో బోరు నీళ్లు పరీక్ష చేశాం. రెండోది ఆన్‌లైన్‌లో 1,500 కడితే సర్టిఫికెట్ వచ్చింది, క్లాసు క్లాసంతా అంతే.

ఎచ్చెర్ల_ఎమ్మెస్సీ
ఆ బోరు నీళ్లది రెజ్యూమెలో మొదట రాయి. ఫ్లోరైడ్ చూశారా? టైట్రేషన్ చేసి కాఠిన్యం తీశారా? ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడొచ్చు దాని మీద. ఆ 1,500 సర్టిఫికెట్ మీద ఒక్క ప్రశ్నకి కూడా జవాబు చెప్పలేవు.

పరవాడ_నైట్‌షిఫ్ట్
అదే. ఆ సెమిస్టర్ మాత్రం కొనుక్కోకు. పరవాడ, అచ్యుతాపురం, మీకు దగ్గర్లో పైడిభీమవరం. కంపెనీ హెచ్‌ఆర్‌కి కాలేజీ లెటర్‌తో రాయి. పది చోట్ల రాస్తే ఒకచోట పిలుస్తారు. పెద్ద ప్లాంట్లు రానివ్వకపోతే బయట శాంపిళ్లు చేసే టెస్టింగ్ ల్యాబులున్నాయి, నీళ్లు, ఆహారం, మందులు అన్నీ వస్తాయి. చిన్న ల్యాబులోనే పరికరం చేతికిస్తారు, పెద్ద కంపెనీలో దూరం నుంచి చూపిస్తారు.

లోపలికెళ్లాక నీ కన్నా రెండేళ్లు ముందు చేరినవాళ్లతో టీ తాగు. మేనేజర్లతో కాదు, వాళ్లు బ్రోచర్ చదువుతారు. "ఉద్యోగం ఎలా ఉంది" అనడక్కు, బాగుంది అంటారు. "నిన్న డ్యూటీలో ఏం చేశారు" అని అడుగు. నిన్నటి గురించి ఎవరూ కథలు చెప్పలేరు.

కోడింగ్_కోమలి
ఈ ప్రశ్న నేను దొంగిలిస్తున్నా.

న్యూజెర్సీ_నరసాపురం
లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేరు కొట్టి పాతవాళ్లని వెతుకు. "సార్ ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అని రాస్తే నేను కూడా జవాబివ్వను, రోజుకి నాలుగొస్తాయి. "నేను మీ కాలేజీలోనే మూడో ఏడు, మీరు క్యూసీ నుంచి రెగ్యులేటరీకి ఎలా మారారో పదిహేను నిమిషాలు చెప్తారా" అని రాస్తే ఆదివారం కూర్చుని మాట్లాడతాను.

నోటిఫికేషన్_నారాయణ
ఫార్మా ప్రకటనల్నీ నోటిఫికేషన్ చదివినట్టే చదవొచ్చు. ఓ ఇరవై ప్రకటనలు కాపీ చేసి పెట్టుకో, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు కింద గీత గియ్యి. హెచ్‌పీఎల్‌సీ ఎన్నింట్లో ఉంది, ఎమ్మెస్సీ మాత్రమే అన్నవి ఎన్ని, ఫ్రెషర్స్ అన్నవి ఎన్ని. ఒక సాయంత్రం పని.

మండపేట_మేష్టారు
వీణా, మీ మామయ్య చెప్పిన ఆ "మనవాడు" ఎవరో కనుక్కున్నావా? అతనే మొదటి టీ.

బొబ్బిలి_వీణ
ఇప్పుడే ఫోన్ చేశాను. మనవాడు క్యాంటీన్ కాంట్రాక్టర్ అట.

గుంటూరు_గొడ్డుకారం
చచ్చాం నవ్వలేక. అయినా టీ గ్యారంటీ కదా.

పటాన్‌చెరు_పోరడు
నవ్వకున్రి, క్యాంటీనోడికి తెలిసినన్ని సంగతులు హెచ్‌ఆర్‌కి తెల్వయి. ఏ డిపార్ట్‌మెంటోళ్లు ఎన్నింటికి తింటరు, ఎవలు మానేసిన్రు, అన్నీ ఆయన దగ్గర్నే ఉంటయ్.

బొబ్బిలి_వీణ
సరే, ఆయన్ని కూడా అడుగుతాను. బీఈడీకి ఇప్పుడే ఊఁ అనట్లేదు, వారం రోజులు మా హైస్కూల్లో చెప్పి చూస్తాను. కోడింగ్ వద్దు. నాలుగో ఏడు గురించి రేపు ప్రిన్సిపల్ గారిని రాతపూర్వకంగా అడుగుతున్నాం, క్లాసులో ఎనిమిది మందిమి. పరవాడ అన్నా, పైడిభీమవరంలో టెస్టింగ్ ల్యాబులకి రాసేటప్పుడు రెజ్యూమె ఒకసారి చూస్తారా?

పరవాడ_నైట్‌షిఫ్ట్
పంపు. సాయంత్రం నాలుగు దాటాక పంపు, అంతకుముందు పడుకుని ఉంటాను. ఇంటర్న్‌షిప్‌లో ఏం నేర్చుకోవాలనుకుంటున్నావో లెటర్లో రెండు లైన్లు రాయి, "నాలెడ్జ్ పెంచుకోవడానికి" అని మాత్రం రాయకు.

సాలూరు_స్టాట్స్
మాది బీఎస్సీ స్టాటిస్టిక్స్. మాకు కూడా ఇలాగే ఎవరైనా చెప్తారా? డేటా ఎనలిస్ట్ అంటారు గానీ నిన్న డ్యూటీలో ఏం చేశారో అడిగే మనిషే తెలీదు.

మోడరేటర్
దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇది ఇప్పటికే పొడుగైంది. శీర్షికలో "స్టాటిస్టిక్స్" అని పెట్టండి, ఆ రంగంలోవాళ్లు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారు.